యంత్రం పోయాక మిగిలేది

"పాత సిస్టమ్ కాలిపోయింది. హార్డ్‌డిస్క్ బాగానే ఉంది, అందులో ఫైళ్లన్నీ కనబడుతున్నాయి. మరి ఎందుకు తెరుచుకోవు?" పెళ్లికార్డులు, కరపత్రాలు చేసే ఏ డీటీపీ షాపులోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుడుతుంది. జహీరాబాద్‌లో అది ఇంకొంచెం చిక్కుగా పుడుతుంది. హైదరాబాద్–ముంబై రహదారి మీద, బీదర్‌కు కూతవేటు దూరంలో, తెలుగూ ఉర్దూ కన్నడమూ మరాఠీ కలిసే ఊరది. ఒకే యంత్రం మీద తెలుగు కార్డుకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు కావాలి. ఉర్దూ కార్డుకు ఇన్‌పేజ్ కావాలి.

పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ అనే సంస్థ తెచ్చింది. 1994లో దాన్ని అడోబీ కొనుక్కుంది. 2001లో వచ్చిన 7.0 చివరిది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముందుకు నడపలేదు. మన షాపుల్లో మాత్రం అది చాలా ఏళ్లు అన్నం పెట్టింది. ఆ ఫైళ్లలో ఉన్న తెలుగు ఇప్పుడు మన ఫోన్లలో ఉండే యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల్లో తలకట్టు, దీర్ఘం, వత్తు, సగం అక్షరం కూర్చోబెట్టిన తెలుగు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే వధూవరుల పేర్ల చోట అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. అంటే ఫైలు ఫాంటును, పేజ్‌మేకర్‌ను నమ్ముకుంది. ఆ ఫాంటు, దాంతో టైపు చేసే కీబోర్డు ప్రోగ్రాము, పేజ్‌మేకర్ మూడూ విండోస్ 98ను నమ్ముకున్నాయి. విండోస్ 98 ఆ కాలపు మదర్‌బోర్డును నమ్ముకుంది. అడుగున మదర్‌బోర్డు పోయేసరికి పైనున్నవన్నీ చెక్కుచెదరకుండా ఉండి కూడా పలకడం మానేశాయి.

ఈ వరసలో నడుమ ఉన్న విండోస్ లాంటివాటిని నిర్వహణ వ్యవస్థలు అంటాం. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుంది, నొక్కిన మీట ఎవరికి చేరాలి అన్న పెత్తనమంతా వాటిదే. యంత్రం చనిపోయాక కూడా ఆ వ్యవస్థను నడపడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

దాచడం వేరు, నడపడం వేరు

జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి అక్కడ పనిచేస్తోంది. ఆ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ, అరిక వంటి పాత పంటల విత్తనాలను ఊరూరా నిధులుగా నిలబెట్టారు. సంక్రాంతి నాళ్లలో ఎడ్లబళ్ల మీద ఊరేగే పాత పంటల జాతర చూసినవాళ్లకు ఆ పని ఎంత పెద్దదో తెలుసు. బుట్టలో బూడిద, వేపాకు కలిపి దాచిన గింజ కొన్నాళ్లు నిలుస్తుంది. ఏళ్ల తరబడి బుట్టలోనే ఉంచితే చూపుకు గింజలాగే ఉంటుంది గాని మొలవదు. అందుకే ఆ మహిళలు విత్తనాన్ని దాచి ఊరుకోరు. ప్రతి ఏడూ కొంత విత్తి, పండించి, కొత్త గింజను నిధికి చేరుస్తారు. ఎప్పుడు విత్తాలి, దేని పక్కన విత్తాలి, ఏ నేల దానికి పడుతుంది అన్న తెలివిడి కూడా అలా విత్తడంలోనే నిలుస్తుంది.

కంప్యూటర్ వ్యవస్థల సంగతీ అచ్చంగా ఇదే. ఫ్లాపీ మీది అయస్కాంతపు పూత ఏటేటా బలహీనపడుతుంది. సీడీ పొర పాడవుతుంది. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి కారుతాయి. అయితే అసలు నష్టం అంతకుముందే మొదలవుతుంది. వ్యవస్థను నడపడం ఆగిన రోజునుంచి దాన్ని నడపడం తెలిసినవాళ్లు తగ్గుతూ వస్తారు. అద్దాల పెట్టెలో పెట్టిన కంప్యూటర్ దాని రూపాన్ని చూపిస్తుంది. అది ఎలా ఆలోచించేదో చూపించాలంటే నడవాలి. నేల పోయింది కాబట్టి, అలాంటి నేలనే మళ్లీ తయారు చేసి అందులో విత్తాలి.

ఆ కృత్రిమ నేల పేరు అనుకరణి. కంప్యూటర్ మనుషులు ఎమ్యులేటర్ అంటారు. అదొక ప్రోగ్రాము. కొత్త కంప్యూటర్‌లో నడుస్తూ, తానే ఆ పాత యంత్రమన్నట్టు పాత వ్యవస్థ ముందు నిలబడుతుంది. పాత వ్యవస్థకు తేడా తెలియదు.

ఏడు సంఖ్యల ప్రోగ్రాము

ఒక నిజమైన యంత్రాన్ని తీసుకుందాం. 1984లో భారత ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ పరిచయం కోసం క్లాస్ అనే పథకం మొదలుపెట్టింది. దానికి ఎంచుకున్నది బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ సంస్థ తయారుచేసిన బీబీసీ మైక్రో. మన దేశంలో ఎందరో పిల్లలు మొట్టమొదట తాకిన కంప్యూటర్ అదే. దాని గుండె 6502 అనే చిప్పు, వేగం సెకనుకు 20 లక్షల గడియార స్పందనలు. బడుల్లో వాడిన రకంలో మెమరీ 32 కిలోబైట్లు. ఈరోజు ఫోనుతో తీసే ఒక ఫొటో అందులో పట్టదు.

ఆ చిప్పుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. దానికి ఈ ఏడు సంఖ్యలు ఇద్దాం: 169, 5, 24, 105, 3, 133, 16. మొదటిదైన 169 అంటే తర్వాతి సంఖ్యను చిప్పు లోపలి లెక్కగడిలోకి తెచ్చుకొమ్మని ఆదేశం. కాబట్టి 5 లెక్కగడిలోకి వస్తుంది. 24 అంటే చేతిలో ఏమీ మిగల్లేదని గుర్తు పెట్టుకో అని. బడిలో కూడికలు చేసేటప్పుడు చేతిలో ఒకటి అంటామే, ఆ లెక్క. 105 అంటే తర్వాతి సంఖ్యను కలుపు. 5కు 3 కలిసి 8 అవుతుంది. 133 అంటే వచ్చిన ఫలితాన్ని తర్వాతి సంఖ్య చెప్పే మెమరీ గడిలో పెట్టు. 16వ గడిలో 8 చేరింది. ప్రోగ్రాము అయిపోయింది.

ఇప్పుడు మీ దగ్గర ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నాయనుకోండి. పైనున్న అర్థాల పట్టిక పక్కన పెట్టుకుని, ఒక్కో సంఖ్యే చదువుతూ, లెక్కగడి అని ఒక చోట, 16వ గడి అని మరొక చోట రాసుకుంటూ పోతే, చివరికి మీకూ 8 వస్తుంది. చిప్పు చేసిన పనిని చిప్పు లేకుండా మీరు చేశారు. అనుకరణి చేసేది ఇంతే. మెమరీకి బదులు సంఖ్యల పెద్ద వరుస, చిప్పులోని లెక్కగడులకు బదులు కొన్ని పేర్లు, మధ్యలో ఎప్పటికీ ఆగని చక్రం: తర్వాతి సంఖ్య చదువు, పట్టికలో అర్థం చూడు, చెప్పినట్టు చెయ్యి, మళ్లీ మొదలు. ఒక్కో పాత ఆదేశానికి కొత్త కంప్యూటర్ పదులకొద్దీ ఆదేశాలు ఖర్చు పెట్టినా బాధ లేదు. సెకనుకు వందల కోట్ల పనులు చేసే చిప్పులు ఇప్పుడు మన జేబుల్లోనే ఉన్నాయి.

ఏ కంప్యూటరైనా తగినంత మెమరీ, సమయం ఉంటే ఇంకే కంప్యూటర్‌నైనా అనుకరించగలదన్న మాట 1936లోనే అలన్ ట్యూరింగ్ రాసిన పత్రంలో ఉంది. అప్పటికి మనం చూస్తున్న రకం కంప్యూటర్ ఒక్కటీ పుట్టలేదు. నాకు తెలిసినంతలో గణితశాస్త్రం లోకానికి ఇచ్చిన అత్యంత ఉదారమైన వరాల్లో ఇదొకటి. ఇది లేకపోతే ప్రతి పాత వ్యవస్థా తన యంత్రంతోనే సహగమనం చేసేది.

చిప్పుతోనే పని అయిపోదు. తెర, కీబోర్డు, డిస్కు, స్పీకరు అన్నిటినీ అనుకరించాలి. బీబీసీ మైక్రోలో తెర కూడా మెమరీలో ఒక భాగమే. అక్షరాల తెర మోడ్‌లో ఉన్నప్పుడు 31744వ గడిలో 65 పెడితే తెర ఎడమవైపు పై మూలన ఇంగ్లిషు 'ఎ' అక్షరం వెలుగుతుంది. కాబట్టి అనుకరణి ఆ ప్రాంతపు గడుల మీద ఒక కన్నేసి, మారిన ప్రతిసారీ కిటికీలో అక్షరం గీయాలి. కాలాన్ని కూడా లెక్కపెట్టాలి. ఒక ఆదేశానికి రెండు స్పందనలు, ఇంకొకదానికి ఏడు పడతాయి. ఆ లెక్క తప్పితే పాటలో శ్రుతి మారుతుంది, ఆటలో బంతి పిచ్చి వేగంతో పోతుంది.

అన్నిటికంటే కష్టం పాత యంత్రం చేసిన తప్పుల్ని తప్పుగానే చేయడం. 6502కు 256 ఆదేశ సంఖ్యలకు చోటుంది గాని, తయారీదారు పుస్తకంలో రాసింది 151కే. మిగతావి ఇచ్చినా చిప్పు ఏదో ఒకటి చేస్తుంది. కొందరు ప్రోగ్రామర్లు ఆ 'ఏదో ఒకటి'ని కూడా వాడుకున్నారు. అందుకని 2010 ప్రాంతంలో విజువల్ 6502 బృందం ఆ చిప్పు పైపొరను కరిగించి, సూక్ష్మదర్శినితో ఫొటోలు తీసి, సుమారు 3,500 ట్రాన్సిస్టర్ల పనిని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో నడిపి చూపింది. ఇప్పుడు వివాదం వస్తే పుస్తకాన్ని అడగక్కర్లేదు, చిప్పునే అడగొచ్చు.

బీబీసీ మైక్రో కథలో ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ యంత్రపు బేసిక్ భాష రాసిన సోఫీ విల్సన్, తర్వాత ఏకార్న్ కోసం కొత్త చిప్పుకు ఆదేశాల పట్టిక రూపొందించింది. చిప్పు ఇంకా తయారుకాకముందే, దాని నడకను బీబీసీ మైక్రో మీద బేసిక్‌లో అనుకరించి చూసుకుంది. 1985 ఏప్రిల్‌లో చేతికొచ్చిన ఆ చిప్పు పేరు ఆర్మ్. ఈరోజు మన ఫోన్లలో ఉన్నవి దాని సంతతే. ఒకప్పుడు బీబీసీ మైక్రో లోపల అనుకరణగా పుట్టిన వంశం, ఇప్పుడు తన కడుపులో బీబీసీ మైక్రోను అనుకరణగా మోస్తోంది.

ఇక షాపులోని విండోస్ 98 సంగతి. ఇప్పటి కంప్యూటర్ల ఇంటెల్ రకం చిప్పులు పాత ఆదేశాలను చాలావరకు ఇంకా అర్థం చేసుకుంటాయి. అందుకే వర్చువల్‌బాక్స్ వంటివి ఆదేశాలను నేరుగా అసలు చిప్పుకే వదిలి, డిస్కు, తెర వంటి పరికరాలను మాత్రం అనుకరిస్తాయి. పేజ్‌మేకర్ 7.0కు విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని ఈ దారిన పోతే పని సులువుగా జరుగుతుంది. విండోస్ 98 కొత్త చిప్పుల వేగం ముందు తడబడుతుంది. దానికి 86బాక్స్ వంటివి నయం. అవి ఆ కాలపు మదర్‌బోర్డును, గ్రాఫిక్స్ కార్డును చిప్పు చిప్పుగా అనుకరిస్తాయి. ముందుగా పాత డిస్కును మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఫైలుగా నకలు తీయాలి. ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే ఫాంట్లు, అమరికలు వెనకే ఉండిపోతాయి.

సికింద్రాబాద్‌లో పుట్టిన టికెట్టు

అనుకరణి అనగానే మ్యూజియం పని అనుకుంటారు చాలామంది. అది పుట్టింది బజారులో. 1964లో ఐబీఎం సిస్టమ్ 360ని తెచ్చినప్పుడు, పాత 1401 యంత్రాల మీద జీతాల లెక్కలు రాసుకున్న కంపెనీలు కొత్తది కొనడానికి జంకాయి. కొత్త యంత్రమే పాతదానిలా నటించేలా చేయడం అమ్మకాలకు బాగా తోడ్పడింది. ఆ 1401లు మన దేశంలో కూడా చాలా చోట్ల పనిచేశాయి.

యంత్రాలు మారినా వ్యవస్థ నిలవడానికి మనకు దగ్గరి ఉదాహరణ రైలు టికెట్టు. వికారాబాద్–పర్లి మార్గంలో ఉన్న జహీరాబాద్ స్టేషన్ దక్షిణ మధ్య రైల్వేలో సికింద్రాబాద్ డివిజన్ కిందిది. రైల్వే రిజర్వేషన్‌ను మొదట కంప్యూటర్‌కు ఎక్కించింది ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ. 1985–86లో ఢిల్లీలో ఇంప్రెస్ అనే పేరుతో అది మొదలైంది. యంత్రాలు అమెరికాకు చెందిన డిజిటల్ సంస్థ తయారు చేసిన వ్యాక్స్‌లు, వాటి నిర్వహణ వ్యవస్థ వీఎంఎస్. ఒక ఊరి కౌంటర్లో ఇంకో ఊరి నుంచి బయల్దేరే బండికి టికెట్టు ఇవ్వాలంటే ఊళ్లన్నీ కలవాలి. ఆ పని చేసిన కన్సర్ట్ అనే వ్యవస్థను రైల్వేల కంప్యూటర్ సంస్థ క్రిస్ తయారుచేసింది. అది 1994 సెప్టెంబరులో మొట్టమొదట నడిచింది సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కూడా దానితో కలిశాయి. అప్పటిదాకా తిరుగు ప్రయాణపు టికెట్టు కోసం అటు ఊళ్లోని బంధువుకు ఉత్తరం రాసినవాళ్లకే ఆ రోజు విలువ తెలుసు.

వీఎంఎస్ కింద యంత్రాలు ఎన్నిసార్లు మారిపోయాయో చూడండి. 1977లో వ్యాక్స్‌తో పుట్టింది. వ్యాక్స్ పోయి ఆల్ఫా వచ్చింది. ఆల్ఫా అమ్మకాలు 2007లో ఆగి ఇటానియం మిగిలింది. ఇటానియం సరఫరా 2021లో ఆగింది. తయారుచేసిన డిజిటల్ సంస్థ 1998లో కాంపాక్‌లో కలిసింది, కాంపాక్ 2002లో హెచ్‌పీలో కలిసింది. వీఎంఎస్ మాత్రం 2022లో ఇప్పటి మామూలు చిప్పుల మీదికి చేరింది. దీన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు డేవ్ కట్లర్ తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి విండోస్ ఎన్‌టీ నిర్మించాడు. మనం వాడే విండోస్ అదే వంశం.

ఆ మొదటి కాలపు వ్యాక్స్ ఎలా ఉండేదో ఇంట్లో కూర్చుని చూడాలంటే సిమ్‌హెచ్ ఉంది. డిజిటల్ సంస్థలోనే పనిచేసిన బాబ్ సుప్నిక్ 1993లో మొదలుపెట్టిన అనుకరణుల కుటుంబం అది. వ్యాక్స్‌తో పాటు పీడీపీ యంత్రాలు, ఐబీఎం 1401 కూడా అందులో ఉన్నాయి. ఉచితం. గదిలో సగం ఆక్రమించి ఏసీ లేకపోతే మొరాయించిన యంత్రం ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న కిటికీ అయిపోతుంది. ఇంకా వ్యాక్స్ ప్రోగ్రాముల మీదే బతుకుతున్న కర్మాగారాలకు వ్యాక్స్ అనుకరణులు అమ్మి వ్యాపారం చేసే సంస్థలూ ఉన్నాయి.

కాగితాల కట్టలోంచి లేచిన యూనిక్స్

డిస్కు కూడా మిగలకపోతే? 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7 మీద యూనిక్స్‌కు అంకురం వేశాడు. మన ఆండ్రాయిడ్ ఫోన్లలోని లినక్స్ ఆ సంప్రదాయంలోదే. ఆ మొదటి యూనిక్స్ డిస్కులు మిగల్లేదు. మిగిలింది ప్రోగ్రాము అచ్చువేసిన పాత కాగితాల స్కానులు. ఆస్ట్రేలియాకు చెందిన వారెన్ టూమీ, ఆయనతో కలిసిన ఔత్సాహికులు 2016లో ఆ పుటల్ని చూసి వరుసా వరుసా మళ్లీ టైపు చేశారు. ఆ భాషను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాధనం లేదు, కొత్తగా రాశారు. మనిషి ఇచ్చే ఆజ్ఞలు అందుకునే షెల్ అనే ముఖ్య భాగం కాగితాల్లోనే లేదు. చుట్టూ ఉన్న ఆధారాల్ని బట్టి అది ఎలా ఉండి ఉండాలో ఊహించి రాశారు. చివరికి సిమ్‌హెచ్‌లోని పీడీపీ-7 మీద అది నడిచింది. అక్షరాల్లో చిన్న తప్పున్నా నడక ఆగిపోగల వస్తువది. నడిచిందంటే చదివింది చాలావరకు సరైనదే అనడానికి అది గట్టి సాక్ష్యం. అనుకరణి వల్ల కలిగే ఈ లాభాన్ని చరిత్రకారులు ఇంకా సరిగా గుర్తించలేదని నా అభిప్రాయం.

2019లో సియాటిల్‌లోని లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియంలో ఒక అసలు పీడీపీ-7 మీద కూడా దాన్ని నడిపారు. మరుసటి ఏడు ఆ మ్యూజియం మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. సిమ్‌హెచ్ మీది యూనిక్స్‌ను మాత్రం ఎవరు కావాలన్నా ఈ రాత్రే నడుపుకోవచ్చు.

హైదరాబాద్ యంత్రాలు

మన దగ్గర తయారైన యంత్రాల మాట ఇప్పుడు చెప్పాలి. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏఎస్ రావు నగర్‌కు వచ్చింది. 1969లో టీడీసీ-12 వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రంలో రూపకల్పన జరిగింది కాబట్టి ఆ పేరు. పన్నెండు బిట్ల యంత్రం, అంటే ఒక్కో గడిలో 0 నుంచి 4095 దాకా సంఖ్యలు పడతాయి. 1970ల మధ్యలో టీడీసీ-312, పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిన కాలంలో మన ప్రయోగశాలలకు, విశ్వవిద్యాలయాలకు ఇవి అండగా నిలిచాయి. ఒక తరం ఇంజనీర్లు కంప్యూటర్ అంటే ఏమిటో వీటి మీదే నేర్చుకున్నారు.

పీడీపీ-7కు దక్కిన గౌరవం టీడీసీకి దక్కాలి. దానికి అసలు యంత్రం అక్కర్లేదని ఈపాటికి పాఠకుడికి తెలిసిపోయి ఉంటుంది. కావలసింది ముందుగా ఆదేశాల పుస్తకం. ఏ సంఖ్యకు ఏ పని, ఎంత సమయం అన్నది అందులో ఉంటుంది. తర్వాత పంచ్ చేసిన కాగితపు టేపులోనో, అచ్చులోనో మిగిలిన ప్రోగ్రాములు. ఆ టేపును చదవడానికి పాత యంత్రం కూడా అక్కర్లేదు. రంధ్రాలు కంటికి కనబడతాయి, ఫొటో తీసి చదివించవచ్చు. ఆపైన పరికరాల పటాలు. పుస్తకం చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. ఏ మీట ముందు నొక్కాలి, ఏ దీపం వెలిగితే టేపు ఇరుక్కుందని అర్థం, ఏ ఆదేశం ఎండాకాలంలో మొండికేసేది అన్నవి దాన్ని నడిపినవాళ్ల తలల్లోనే ఉంటాయి. వాళ్లిప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు.

చట్టం కూడా చూసుకోవాలి. 1957 నాటి మన కాపీహక్కుల చట్టం ప్రోగ్రామును సాహిత్య రచనగా లెక్కిస్తుంది. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ. ఎవరైనా చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రామును నష్టం నుంచి కాపాడుకోవడానికి నకలు తీసుకోవచ్చని 52వ సెక్షను చెబుతుంది. పదిమందికీ పంచడానికి మాత్రం హక్కుదారు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్లున్నారు. మల్టిక్స్ అనే పాత నిర్వహణ వ్యవస్థ మూల ప్రోగ్రామును బుల్ సంస్థ 2007లో విడుదల చేసింది. ఎంఎస్-డాస్ తొలి రూపాలను మైక్రోసాఫ్ట్ 2014లో ఒక మ్యూజియానికి ఇచ్చింది, 2018లో స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టింది, 2024లో 4.0ను కూడా చేర్చింది. ఈసీఐఎల్ అణుశక్తి విభాగం కిందున్న ప్రభుత్వ సంస్థ. టీడీసీ ప్రజల డబ్బుతో తయారైంది. దాని ఆదేశాల పుస్తకాన్ని స్కాన్ చేసి ఎవరైనా దించుకునేలా పెట్టడానికి ఒక్క అధికారి సంతకం చాలు. పాత ఉద్యోగుల ఇళ్లలో అటక మీద ఆ పుస్తకం ప్రతి ఏదైనా ఉంటే, అట్ట లోపలి పుట, చేత్తో దిద్దిన అంచుల రాతలతో సహా స్కాన్ చేయాలి. పీడీపీ-7 విషయంలోనూ పని మొదలైంది కాగితాలతోనే.